సుంకం ఎవరి నెత్తిన?
(ప్రసంగ పాఠం)



వాణిజ్య ఒప్పందాల్లో కార్మిక హక్కుల షరతు ఉండాలా, వద్దా? ఈ చర్చ మనకు కొత్త కాదు. 1996లో సింగపూర్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశం జరిగినప్పుడు మన ప్రభుత్వం ఆ షరతును గట్టిగా వ్యతిరేకించింది. ధనిక దేశాలు తమ మార్కెట్లను కాపాడుకోడానికి హక్కుల ముసుగు వేసుకుంటాయన్న అనుమానం నిరాధారం కాదు. అలాగని సార్వభౌమత్వం పేరెత్తే ప్రతి ప్రభుత్వమూ తన దేశపు స్త్రీల తరఫున మాట్లాడుతోందనీ నమ్మలేం. ఈ రెంటి మధ్యా నలిగిన కంబోడియా స్త్రీల గురించి మాట్లాడదలిచాను.

2001 నుంచి యూరోపియన్ యూనియన్ అతి పేద దేశాలకు ఒక రాయితీ ఇస్తోంది. ఆయుధాలు తప్ప ఏ సరుకైనా సుంకం లేకుండా యూరప్‌లోకి పంపుకోవచ్చు. కంబోడియాలో కుట్టు ఫ్యాక్టరీలు పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. వాటిలో పనిచేసేవాళ్లలో అత్యధికులు పల్లెల నుంచి వచ్చిన స్త్రీలు.

అదే రాయితీకి ఇంకో ముఖం ఉంది. 2006లో కోకాంగ్ రాష్ట్రంలో చెరకు తోటల కోసం వందల కుటుంబాల భూములు లాక్కున్నారు. ఆ పంచదార సుంకం లేకుండా యూరప్ చేరింది. 2014 జనవరి 3న, నెలకు 160 డాలర్ల కనీస వేతనం అడిగిన కార్మికుల మీద రాజధాని ఫ్నామ్‌పెన్‌లో కాల్పులు జరిపారు. కనీసం నలుగురు చనిపోయారు. అప్పుడూ రాయితీ ఆగలేదు.

2017లో ప్రతిపక్ష నాయకుడిని అరెస్టు చేసి, ఆ పార్టీనే రద్దు చేశారు. 2019 ఫిబ్రవరిలో యూరప్ విచారణ మొదలుపెట్టింది. ప్రధాని హున్ సేన్ మా సార్వభౌమత్వం జోలికి రావద్దన్నాడు. చివరికి 2020 ఆగస్టు 12న కొన్ని రకాల బట్టలు, చెప్పులు, ప్రయాణపు సంచులు, పంచదార మీద రాయితీ పోయింది. ఏటా సుమారు 100 కోట్ల యూరోల సరుకది. యూరప్‌కు వెళ్లే ఎగుమతుల్లో ఐదో వంతు. కోవిడ్‌తో ఆర్డర్లు రద్దవుతున్న సంవత్సరం అది.

బట్టల మీద సుంకం 12 శాతం దాకా ఉంటుంది. ఆ భారం ఎలా కిందికి దిగుతుందో చూడండి. కొనే కంపెనీ ధర తగ్గించమంటుంది. యజమాని టార్గెట్ పెంచుతాడు, మూడు నెలల కాంట్రాక్టు పొడిగించడు. గర్భిణుల కాంట్రాక్టే ముందు ఆగుతుంది. హున్ సేన్ మాత్రం 2023 ఆగస్టులో ప్రధాని పదవిని తన కొడుకు చేతిలో పెట్టాడు.

కాబట్టి షరతులే వద్దని నేననను. షరతు ఎవరు పెడుతున్నారు, ఎవరిని అడిగి పెడుతున్నారు అని అడుగుతాను. రాయితీ ఇచ్చేటప్పుడూ, తీసేటప్పుడూ ఆ చర్చల్లో కార్మిక సంఘాల స్త్రీలు, భూమి పోగొట్టుకున్న స్త్రీలు కూర్చోవాలి. వసూలైన సుంకం యూరప్ ఖజానాకు చేరుతుంది. అది పని పోయిన స్త్రీల పరిహారానికి పోవాలి. ఈ రెండూ లేని హక్కుల షరతు, ఎవరి హక్కుల కోసం పెట్టామంటున్నారో వాళ్ల మీదే వేసిన జరిమానా అవుతుంది.