నేలపట్టు చెరువు గట్టున ఒక దినము

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)

 

మన పాఠశాల డెబ్బది ఐదేండ్ల చరిత్రను నాకంటె పెద్దలు, నాకంటె బాగుగా ఈ వేదికపై చెప్పినారు. నాకు ఇచ్చిన కొద్ది నిమిషములలో ఈ సంవత్సరము ఎనిమిదవ తరగతి పిల్లలతో గడపిన ఒక్క దినమును గురించి మనవి చేసెదను. ఆ దినమున నేను చేసిన పొరపాటు ఒకటి ఉన్నది. దానిని దాచిపెట్టి వట్టి యాత్రావర్ణన చేయుట నాకు ఇష్టము లేదు.

పక్షులను చూపించవలెనని మా సామాన్యశాస్త్ర ఉపాధ్యాయిని అడిగినప్పుడు అందరూ వేడంతాంగల్ అన్నారు. చెన్నైకి దగ్గర, గొప్ప చోటు. పద్దెనిమిదవ శతాబ్దము చివరనే అక్కడి గ్రామస్థులు కలెక్టరు వద్దకు పోయి, పక్షులను ఎవరూ కాల్చకుండ ఉత్తరువు తెచ్చుకొన్నారు. అయినను నేను నేలపట్టు అన్నాను. మన పిల్లలకు ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము. కొంగ కనబడినచో కొక్కు అందురు. పెలికన్ అన్నచో పాఠ్యపుస్తకములోని బొమ్మ గుర్తుకు వచ్చును. పిట్టకు, చెట్టుకు, చేపకు తెలుగు పేరు నోట పలికెడి ఊరిలో ఒక్క పూటయినను వారిని నిలుపవలెనని నా కోరిక.

తెల్లవారక ముందే బస్సు బయలుదేరినది. ఆరంబాక్కం దాటి తడ చేరగానే అంగళ్ళ పలకలు తెలుగులోనికి మారినవి. అంతవరకు నిద్రపోవుచున్న పిల్లవాడొకడు లేచి కూర్చుండి, సూళ్ళూరుపేట వరకు ఎరువుల దుకాణము మొదలు మంగలి అంగడి వరకు ఒక్కొక్క పలకను బిగ్గరగా చదువుచు వచ్చినాడు. ఎవరును వానిని వద్దనలేదు.

నేలపట్టు దొరవారిసత్రం సమీపమున ఉన్నది. చిరకాలము నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. 1976లో దీనిని పక్షుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించినారు. విస్తీర్ణము సుమారు 459 హెక్టార్లు. చెరువు నీటిలోనే కడప చెట్లు గుబురుగా నిలిచి ఉండును. ఈశాన్య ఋతుపవనము కురిసి చెరువు నిండినచో అక్టోబరు నుండి మార్చి వరకు ఆ చెట్లపై గూళ్ళు. వాన తప్పిన ఏట గూళ్ళును తగ్గును.

మాకు దారి చూపినవారు ఆ ప్రాంతమువారే అయిన ఒక అటవీ కాపలాదారు. గట్టుమీద ఆగి, చేయి చాచి, "అదిగో గూడబాతు" అన్నారు. పెలికన్ అని పిల్లలు గుసగుసలాడినారు. గూడ అనగా ఏమని ఒక బాలిక అడిగినది. "మా తాతలు గూడ వేసి చేలకు నీళ్ళు చేదేవాళ్ళు పాపా. ఆ బుట్ట మాదిరే దీని గొంతు కింద సంచి" అని ఆయన చెప్పినారు. ఈ వ్యుత్పత్తిని పండితులు ఒప్పుదురో లేదో గాని, పిల్లలు ఒప్పినారు. అంతలో ఒక పిల్ల తన తల్లి గొంతు సంచిలోనికి తలంతయు దూర్చి చేపలను అందుకొనుచుండగా చూచి, మ్రింగివేసినదని ఒకడు భయపడినాడు కూడ.

అటుపై నీటికాకులు, తెల్లకంకణాయిలు, నత్తగుల్ల కొంగలు. ఈ కొంగ ముక్కు మూసినను నడుమ సందు మిగిలియుండును. నత్తలను పట్టుటకు అనువైన ముక్కు. తమిళములో దీనిని నత్తై కుత్తి నారై అందురని మా విద్యార్థి ఒకడు చెప్పగా కాపలాదారు ముచ్చటపడి, ఆ మాటను రెండుమార్లు పలికించుకొన్నారు. రెండు భాషలవారును అదే నత్తను చూచి పేరు పెట్టినారు గదా!

ఇక నా పొరపాటు. పది గంటలకు పిల్లలు గట్టు పొడవునను చెదరిపోయినారు. ఫలహారమునకు పిలువవలెను. ముప్పది ఏండ్లుగా ఆటస్థలములో చేసిన అలవాటుచొప్పున సంచిలోని ఈల తీసి ఊదినాను. దగ్గరి చెట్లపై గూడబాతులు ఒక్కసారిగా లేచినవి. కాపలాదారు పరుగున వచ్చి మెల్లగా, "అమ్మా, ఈల ఊదబాకండి. పెద్దది లేస్తే కాకి గుడ్డు ఎత్తకపోద్ది" అన్నారు. ఆయన మాట ముగియకముందే కాకి ఒక గూటిపై వాలినది. గుడ్డును పొడిచి తినుట పిల్లలందరును చూచినారు. పిమ్మట వారు నా ముఖము చూచినారు.

ఈకలు రాని పిల్లలపై తల్లి నీడ లేనిచో ఎండకే అవి చచ్చిపోవునని ఆయన తరువాత వివరించినారు. పక్షులు తిరిగి గూళ్ళపై కుదురుకొనువరకు మేము కదలక నేలపై కూర్చున్నాము. పిల్లల ఎదుటనే ఆయనను క్షమాపణ కోరినాను. తరగతిలో ఎవరినైనను మందలించునప్పుడు ఆ కాకి నాకు ఇప్పటికిని జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆ పూట మిగిలిన సమయమంతయు చేతి సైగలతోనే నడచినది. సైగలను నిర్ణయించినది పిల్లలే.

ఈ పక్షులను కాపాడుచున్నది ప్రభుత్వము ఒక్కటే కాదు. రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు బలమని చుట్టుపట్ల రైతుల అనుభవము. కనుక పిట్ట వారికి బంధువు. అటువంటి పొత్తు చెడినచో పక్షి నిలువదు. 1946లో కె.కె. నీలకంఠన్ అను పక్షి పరిశీలకుడు కొల్లేటి దాపున ఆరేడు వద్ద గూడబాతుల పెద్ద స్థావరమును కనుగొన్నాడు. తరువాతి కాలమున ఆ పక్షులు ఆ చోటును విడిచిపోయినవి. నేలపట్టు గూడబాతులకు మేత పులికాట్ సరస్సునుండి రావలెను. సముద్రపు నీరు లోనికి వచ్చు దాని ముఖద్వారములు ఇసుకతో పూడినచో చేప తగ్గును. ఇచ్చటి గూటిలోని పిల్లకు ఆకలి అగును. సాయంకాలము శ్రీహరికోట దారిలో ఆగి ఆ సరస్సులో రాజహంసలను చూచినాము గాని, అలసటవలన పిల్లలు ఎక్కువసేపు నిలువలేదు.

తిరిగి వచ్చి వారు ఒక పెద్ద పట్టిక వ్రాసి విజ్ఞానశాస్త్రపు గది గోడకు అంటించినారు. తెలుగు, తమిళము, ఇంగ్లీషు: మూడు గళ్ళు. ఆ తరగతిలో పందొమ్మిదిమందే. మీ కాలమున అదే గదిలో బల్లలు చాలక కిటికీ గట్టుమీద కూర్చుండినామని పూర్వ విద్యార్థులు ఇందాక చెప్పగా విన్నాను. పట్టికలో ఒక వరుసలో తెలుగు గడి ఇంకను ఖాళీగా ఉన్నది. నల్లని నెత్తి, ఎర్రని కన్ను, బూడిదవన్నె రెక్కలు గల పొట్టి కొంగ. పగలు ఆకుల చాటున కునికి, సందె చీకటిలో వేటకు పోవును. మేము దానిని చూచునప్పటికి కాపలాదారు వేరొక బృందమునకు దారి చూపుచుండిరి. మీలో ఎవరి ఊరిలోనైనను దానికి పేరున్నచో, భోజనములకు పోవు దారిలో ఆ గదికి వెళ్ళి పిల్లలకు చెప్పగలరు. సుద్దముక్క వారి చేతిలోనే ఉన్నది.