బిల్లు మన హక్కు, ఫోన్ నెంబరు మన ఇష్టం



పండక్కి బట్టలు కొందామని కోయిలకుంట్ల నుంచి నంద్యాల పోతాం. పెద్ద షాపుల్లో బిల్లు కొట్టేముందు ఫోన్ నెంబరు అడుగుతారు. బిల్లు ఫోనుకే వస్తుందంటారు. మన పొదుపు ఖాతాకు ఉండేదీ ఆ నెంబరే. అది ఎవరెవరి చేతికి పోతుందో మనకు తెలీదు.

నెంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దుకాణాలకు చెప్పింది. 2019 చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, మనం నమ్మి చెప్పిన వివరాలు ఇంకొకరికి చేరవేయడమూ అనుచిత వ్యాపారమే.

"నెంబరు ఇవ్వమన్నా, కాగితం బిల్లు ఇవ్వు" అని నిమ్మళంగా చెబుదాం. వినకుంటే 1915కు ఫోన్ చేద్దాం. ఇష్టమై నెంబరు ఇచ్చినా, ఓటీపీ అడిగితే దేనికో తెలుసుకోకుండా చెప్పొద్దు.

సంఘంలో కంతు కట్టి రసీదు అడిగి తీసుకునే మనం, షాపులో ఎందుకు వెనకాడాలి?