దాచిన ప్రతి దక్కునా?

1973వ సంవత్సరము జూలై 12వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయిస్ నగర సమీపమున, జాతీయ సిబ్బంది దస్తావేజుల కేంద్రమందు అగ్ని రేగినది. సైన్యమున పనిచేసినవారి సేవాపత్రములు సుమారు 1 కోటి 60 లక్షలు మొదలు 1 కోటి 80 లక్షల వరకు నశించినవి. వానికి వేరొక ప్రతి లేదు, మైక్రోఫిల్ము లేదు, ఏయే పత్రము లందుండెనో తెలుపు పట్టికయు లేదు. పిదప తమ సేవకు రుజువు కోరివచ్చిన వృద్ధ సైనికులకై ఇతర కచేరీల కాగితములు వెదుకవలసి వచ్చినది.

నేడు పెద్ద బ్యాంకుల లెక్కలు, బీమా సంస్థల లెక్కలు అనేకము మెయిన్‌ఫ్రేములను మహాగణన యంత్రములలో నున్నవి. 1964లో ఐ.బి.ఎమ్. వారు ప్రకటించిన సిస్టమ్/360 వీనిలో పెక్కింటికి మూలపురుషుడు. ఆ పరిభాషలో ఒక లెక్కల కట్టకు 'డేటా సెట్' అని పేరు. మన చిట్టా, ఆవర్జాల వంటి దనుకొనవచ్చును.

వీనికి ప్రతులు తీయుటకు హెచ్.ఎస్.ఎమ్. అను ప్రోగ్రాము కలదు. ఏ డేటా సెట్‌నైనను వ్రాయుటకై తెరచినచో, ఆ డిస్కు విషయసూచికలో దాని పేరున ఒక గుర్తు పడును. రాత్రివేళ హెచ్.ఎస్.ఎమ్. గుర్తున్నవానిని మాత్రమే వేరొక డిస్కునకో టేపునకో ఎత్తి, ఆ గుర్తును చెరిపివేయును. పాత ప్రతిని వెంటనే పారవేయదు. ఎన్ని ప్రతులు నిలుపవలెనో ముందుగా విధించిన నియమము ననుసరించును. మిక్కిలి పొదుపైన యేర్పాటు.

పని ముగిసిన పిదప యంత్రము 'సున్న' అని తెలుపును. బడిలో సున్న వచ్చిన బాలునికి చీవాట్లు. ఇచ్చట సున్నయే మెప్పు. నాలుగు హెచ్చరిక, ఎనిమిది దోషము. అయితే ఆ సున్న, చెప్పిన పని చేసితినని మాత్రమే పలుకును. చెప్పనిదానిని గూర్చి మాటాడదు. క్రొత్త డేటా సెట్ ఒకటి, రాత్రి ప్రతులు తీయు జాబితాలో లేని డిస్కుపై నుంచబడిన దనుకొనుడు. దానికి ప్రతి పుట్టదు, దోషమును కనబడదు. ఏండ్ల తరబడి సున్నలే వచ్చుచుండును. ఇంతకంటె ప్రమాదకరమైన నిశ్శబ్దము నేనెరుగను.

రెండు డిస్కులపై ఏకకాలమున వ్రాయుచున్నాము గదా యని కొందరందురు. డిస్కు చెడినప్పు డది అక్కరకు వచ్చును. పొరపాటున చెరిపిన లెక్క మాత్రము రెండవచోటను ఆ క్షణముననే చెరిగిపోవును.

మరియొక సంగతి. ఏ ప్రతి ఏ టేపుపై నున్నదో తెలుపు వివరము బి.సి.డి.ఎస్. అను వేరొక డేటా సెట్‌లో నుండును. అది పోయినచో టేపులుండియు లేనట్లే. కావున దానికిని ప్రతి తీయుదురు. ఆ తరువాతి మార్పులు 'జర్నల్' అను చిట్టాకెక్కును.

సి.పి. బ్రౌను తాటాకు గ్రంథములను సేకరించి, పండితులచే పలు ప్రతులను సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించిన సంగతి మనమెరిగినదే. చివర 'సంపూర్ణము' అని లేఖకుడు వ్రాసినంత మాత్రమున నడుమ ఆకు జారలేదని నమ్మకము లేదు గదా! యంత్రపు సున్నయు అట్టిదే. నిజమైన పరీక్ష ప్రతిని తిరిగి దింపిచూచుట. 'రికవర్' అను ఆజ్ఞకు 'న్యూనేమ్' అని క్రొత్త పేరు జోడించినచో, అసలు చెడకుండ ప్రతి దాని ప్రక్కన దిగును. అయితే అసలు ఈలోపల మారియుండవచ్చును గనుక, ప్రతి తీసిన వేళకు గల పద్దుల సంఖ్యను, పైకపు మొత్తమును ముందే వ్రాసియుంచి, వానితో సరిచూడవలెను. ఈ పని నెలనెలా, వేర్వేరు డేటా సెట్లపై, ముందుగా చెప్పక చేయించుట మేలు.

దింపుటకు ఎంతసేపు పట్టెనో గడియారము చూచి వ్రాయవలెను. ఒక్కటి దిగుటకు పట్టు కాలము స్వల్పముగానే తోచును. డిస్కు సమస్తము పోయిననాడు వందలకొలది డేటా సెట్లు కొద్దిపాటి టేపు యంత్రములయొద్ద వరుసకట్టును. ఉదయమున బ్యాంకు తలుపు తెరచు వేళకు మొదటి ఖాతాదారుడు వచ్చి నిలిచియుండును.