బడి విడిచిన వేళ: దానమా, పద్దా?



ఈ స్మారకోపన్యాసము చేయుమని ధర్మకర్తల మండలి నన్ను ఆహ్వానించినది. ఈ వేదికనుండి నాకన్న పెద్దలు భాషను గూర్చియు, వాఙ్మయమును గూర్చియు, ధర్మశాస్త్రమును గూర్చియు ప్రసంగించి యున్నారు. నేను సర్కారు పద్దులను గూర్చి మాటాడ వచ్చితిని. అది ఈ సభకు తగిన విషయమా యని శంకించువారు, ఈ ఉపన్యాసనిధిని స్థాపించిన ఉపాధ్యాయినిని ఎఱుగనివారై యుందురు.

తన పేరు సభలో ఉచ్చరింపరాదని ఆమె నిధిపత్రమున వ్రాసికొన్నది గనుక ఆ నియమమును పాటించుచున్నాను. ఆమె గుణగణములను వర్ణించుటకు నాకంటె అర్హులు ఇచ్చట పలువురు కలరు; నేనెఱిగిన దొక్కటి మాత్రము చెప్పెదను. పొగాకు గ్రేడింగు జరుగు నెలలలో కూలికి పోయిన తల్లులు చీకటి పడినగాని ఇల్లు చేరెడివారు కారు. నాలుగు గంటలకు బడిగంట మ్రోగినను వారి బిడ్డలకు పోవుటకు చోటు లేదు. ఆమె రెండవ తరగతి గదికి తాళము వేయక, చింతపిక్కలతో లెక్కలు నేర్పుచు, కథలు చదివించుచు, చీకటి పడగానే లాంతరు వెలిగించి, తల్లులు వచ్చువఱకు ఆ బిడ్డలను కూర్చుండబెట్టెడిది. వారిలో నేనొకడను. లాంతరు చిమ్నీని ముగ్గుపిండితో తుడుచుట నా వంతు పని. కిరసనాయిలు సీసాకు ఆమె తన జీతపు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చుట కన్నులార చూచితిని. ఈ సంగతి ఆమె దానశీలమునకు నిదర్శనముగ ఇట్టి సభలలో చెప్పబడుచున్నది. నాకు మాత్రము అది అన్యాయముగనే తోచుచున్నది. పగటి బడికి జీతమిచ్చిన ప్రభుత్వము, ఆ బిడ్డలకే, ఆ గదిలోనే, ఆ ఉపాధ్యాయినియే నడపిన సాయంకాలపు బడికి ఒక సీసా కిరసనాయిలు ఏల ఈయలేదు?

బాలుడు బడిలో గడపు గంటలకన్న వెలుపల గడపు గంటలే అధికమనియు, కలవారి బిడ్డకు ఆ గంటలలో సంగీతము, చిత్రలేఖనము, ఈత, వేసవి శిబిరము సమకూడగా లేనివారి బిడ్డకు వీధియో, చంటి చెల్లెలిని ఎత్తుకొనుటయో మిగులుననియు మీకు వివరింప నక్కఱలేదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభను సమకూర్చిన అయ్యంకి వెంకటరమణయ్యగారిని, 1935లో కృష్ణా కాలువపై పుస్తకములను పడవలో నడపిన పాతూరి నాగభూషణముగారిని, రేడియోలో అన్నయ్య, అక్కయ్యలై బాలానందసంఘములను పెంచిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను గూర్చి పెద్దలు వ్రాసి యున్నారు. 1956లో ఢిల్లీలో నెలకొన్న జాతీయ బాలభవనమును, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని జవహర్ బాలభవనమును ఎఱుగనివారు లేరు. బాలభవనములను మినహాయించినచో తక్కినవి ముఖ్యముగ చందాలపై బ్రదికినవి; బాలభవనములు పట్టణములను దాటి పల్లెకు వచ్చుట బహు స్వల్పము. చరిత్ర భాగమును ఇంతటితో విడుచుచున్నాను.

ఇంగ్లండునుండి మాత్రము ఒక ఉదంతము చెప్పవలసి యున్నది. మేరీ వార్డ్ అను నవలారచయిత్రి 1897లో లండను నగరమున, శ్రామికుల బిడ్డలకు సాయంకాల క్రీడాకేంద్రమును ఆరంభించినది. ఆమె ప్రయత్నఫలముగ 1907 నాటి విద్యాచట్టములో, సెలవులలో పిల్లలకు తరగతులను, క్రీడాకేంద్రములను నడపు అధికారమును స్థానిక విద్యాధికార సంస్థల కొసగు నిబంధన చేరినది. ఆ నిబంధన పదేండ్లు మిక్కిలిగ కాగితముపైననే నిలిచి, కేంద్రములు దాతల సొమ్ముతోనే జరిగినవి. యుద్ధకాలమున, 1917లో, ఖర్చులో సగము తాను భరింతునని ప్రభుత్వ విద్యామండలి ప్రకటించిన పిమ్మటనే వానికి కుదురు ఏర్పడెను. అధికారమిచ్చుట వేఱు, ధనమిచ్చుట వేఱు.

ఇక వివాదమునకు వచ్చెదను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆలోచనా సంఘమున నేను సభ్యుడనై యుండగా, ప్రాథమిక పాఠశాలల సాయంకాల తరగతులకును, వేసవి శిబిరములకును ప్రత్యేక పద్దు ఏర్పఱచవలెనని వ్రాతమూలకముగ కోరితిని. అచ్చటి ఆర్థికశాస్త్రజ్ఞుడొకరు అమెరికా నివేదిక నొకదానిని బల్లపై నుంచి, మార్కులు పెరుగలేదు గనుక ధనము వలదని ఒక్క వాక్యములో ఆ విన్నపమును త్రోసిపుచ్చిరి. తరువాత ఇదే వాక్యమును సభలలోను, శాఖల నోటు ఫైళ్లలోను అనేక పర్యాయములు చూచితిని. ఆ నివేదిక ఏమి చెప్పినదో నేడైనను సాంతముగ విచారింతము.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వము బడి విడిచిన వేళను, వేసవిలోను పిల్లలకు కార్యక్రమములు నడపుటకు 'ఇరువదియొకటవ శతాబ్ది సామాజిక విద్యాకేంద్రములు' అను పథకమును 1994 నాటి చట్టముతో నెలకొల్పెను. 2002 నాటికి దాని పద్దు ఏటా దాదాపు 100 కోట్ల డాలర్లకు చేరినది. 2003 ఆరంభమున మాథమాటికా సంస్థ పక్షమున మార్క్ డైనార్‌స్కీ ప్రభృతులు తొలియేటి ఫలితములను ప్రకటించిరి. చదువులో చెప్పుకొనదగిన అభివృద్ధి కానరాలేదని దాని సారము. అధ్యక్షుడు బుష్ తన బడ్జెటులో ఆ పద్దును 60 కోట్లకు తగ్గింప ప్రతిపాదించెను. కాంగ్రెసు అంగీకరింపలేదు. 2017లో మఱియొక ప్రభుత్వము, ఋజువు లేదను మాటనే ఆధారము చేసికొని, పథకమును మొత్తముగ రద్దుచేయ జూచినప్పుడును కాంగ్రెసు అంగీకరింపలేదు. అచ్చట చెల్లని ఆ మాట ఇచ్చటి కార్యాలయములలో నేటికిని చెల్లుచున్నది.

ఆ నివేదికలోని అంకెలను చూడుడు. ప్రాథమిక తరగతుల బాలుడు ఆ యేట సగటున 58 దినములును, మాధ్యమిక తరగతుల బాలుడు 32 దినములును మాత్రమే కేంద్రమునకు వచ్చిరి. అచ్చటి విద్యాసంవత్సరము సుమారు 180 దినములు. అయిదు తడులు కావలసిన పైరుకు రెండు తడులైనను పూర్తిగ పెట్టక విత్తనమును నిందించుట ఎట్టిదో, ఈ హాజరును చూపి కార్యక్రమమును నిందించుట అట్టిది. పిల్లలు ఏల రాలేదో, వచ్చినవారు ఏల నిలువలేదో విచారించుట ధనమును మఱింత జాగ్రత్తగ వెచ్చించుటకు దారితీయును గాని, పద్దును కొట్టివేయుటకు దారితీయదు.

పోలిక సంగతి మఱియొకటి. ప్రాథమిక తరగతులలో చీటీలు వేసి కొందఱిని చేర్చుకొని, తక్కినవారితో వారిని పోల్చిరి, ఇది సత్పద్ధతి. మాధ్యమిక తరగతులలో చీటీలు లేవు. ఇంచుమించు అట్టివారినే వెదకి పోల్చిరి. ఈ భేదమును అచ్చటి విద్వాంసులే ఆనాడు ఎత్తిచూపిరి. ఇంతకన్న ముఖ్యమైనది 2005 నాటి తుది నివేదికలో నున్నది. కేంద్రములకు చేరిన ప్రాథమిక తరగతుల పిల్లలు, బడి విడిచిన పిమ్మట తాము భద్రముగ నున్నామని తక్కినవారికన్న అధికముగ చెప్పిరి. ఏడేండ్ల బిడ్డ సాయంకాలము భయము లేక యుండుట ఫలముగ లెక్కకు రాదా? అది ఫలము కాదనువారు తమ బిడ్డలను సాయంకాలము ఒంటరిగ విడిచియుందురా?

మార్కులను తప్పించుకొనుటకై నేనిట్లు వాదించుచున్నానని కొందఱందురు. అట్లు కాదు. డర్‌లాక్, వైస్‌బర్గ్, పచాన్ అను ముగ్గురు 2010లో, అనేక కార్యక్రమములపై జరిగిన పరిశీలనలను ఒకచోట కూర్చి చూచిరి. క్రమముగ మెట్టువెంట మెట్టుగ నేర్పునవి, పిల్లలచే చేయించునవి, ఆ పనికై ప్రత్యేకించి సమయము కేటాయించునవి, ఏమి నేర్పుచున్నవో స్పష్టముగ నిర్ణయించుకొన్నవి చదువులోను, నడవడిలోను మేలు చేసినవి. ఈ లక్షణములు లోపించినవి చేయలేదు. మంచి చెడులను కలిపి సగటు తీసి, ఆ సగటును పట్టుకొని మంచివానికిని ధనము నిరాకరించుట శాస్త్రము కాదు.

వేసవిని గూర్చియు మాటలు పెరిగినవి. బాల్టిమోరు నగరమున 1982లో ఒకటవ తరగతిలో చేరిన పిల్లలను ఏండ్లతరబడి వెంబడించిన అలెగ్జాండర్, ఎంట్విజిల్, ఓల్సన్ గార్లు, పేద బిడ్డల వెనుకబాటులో ఎక్కువ భాగము వేసవి సెలవులలోనే పుట్టుచున్నదని 2007లో వాదించిరి. నా పక్షమువారు దీనిని మంత్రమువలె పఠించిరి. తరువాత పాల్ వాన్ హిప్పెల్ మున్నగువారు, ఆనాటి పరీక్షలలో సెలవుల తరువాత ప్రశ్నపత్రపు స్థాయి మారుటవలన కొలత దారితప్పినదనియు, క్రొత్త కొలతలలో ఆ విధముగ పెరుగు అంతరము కానరాదనియు చూపిరి. వారి వాదమును నేను అంగీకరించుచున్నాను. బాల్టిమోరు లెక్క నిలిచినను పడిపోయినను, తల్లి కూలికి పోయిన వేసవి మధ్యాహ్నమున ఎనిమిదేండ్ల బిడ్డకు నీడయు, పుస్తకమును, పలుకరించు పెద్దయు కావలయునను మాటకు లోటు రాదు. లోటు వచ్చునని భయపడి పాత లెక్కనే పట్టుకొని వ్రేలాడుట మన పక్షమునకు మేలు చేయదు.

మన దేశపు సాక్ష్యమును అమెరికా సాక్ష్యమునకు వెనుక నుంచుట నాకు ఎన్నడును అర్థము కాలేదు. ఉత్తరప్రదేశములోని జౌన్‌పూరు జిల్లాలో ప్రథమ్ సంస్థ గ్రామ యువకులకు తరిఫీదునిచ్చి, బడి వెలుపల చదువు శిబిరములను స్వచ్ఛందముగ నడపించెను. వచ్చిన పిల్లలకు చదువు వచ్చినది. అక్షరములు రాని బిడ్డలు అక్షరములు కూడబలుక నేర్చిరి. కాని ఆ గ్రామముల పిల్లలలో వచ్చినవారు నూటికి సుమారు 8 మంది. దాతృత్వముతోనే సర్వము సాగునను వాదమునకు ఇంతకన్న స్పష్టమైన సమాధానము నేనెఱుగను. బీహారులో 2008 వేసవిని ప్రభుత్వోపాధ్యాయులే, సెలవులలో చేసిన పనికి ప్రభుత్వమునుండి అదనపు ప్రతిఫలము పొంది, బడి గదులలోనే, వెనుకబడిన మూడు నాలుగైదు తరగతుల పిల్లలకు నెలదినముల శిబిరము నడపిరి. పిల్లల పఠనము మెఱుగుపడినది. అదే పద్ధతిలో అదే ఉపాధ్యాయులకు తరిఫీదునిచ్చి, పాఠ్యసామగ్రి నిచ్చి, మామూలు పనిదినములలో వాడుడని విడిచినప్పుడు ఫలము కానరాలేదు. పగటి బడిని సిలబసు మ్రింగివేయుచున్నది. ప్రత్యేకమైన వేళ, ప్రత్యేకమైన ప్రతిఫలము ఉన్నచోటనే పని జరిగినది.

మన పొరుగున తమిళనాడు ప్రభుత్వము కోవిడ్ పిమ్మట, 2021లో, 'ఇల్లం తేడి కల్వి' పేర ఇంచుమించు రెండు లక్షలమంది వాలంటీర్లను, అధికముగ స్త్రీలను, నెలకు 1000 రూపాయల గౌరవవేతనముపై నియమించి, వాడవాడకు సాయంకాలపు తరగతులు పెట్టెను. అభిజిత్ సింగ్, మౌరిసియో రొమేరో, కార్తీక్ మురళీధరన్ గార్ల పరిశీలనలో, బడులు మూతపడిన కాలమున పిల్లలు పోగొట్టుకొన్న దానిలో మూడింట రెండు వంతులు, బడులు తెఱచిన ఆఱు నెలలలో తిరిగి వచ్చినవి. ఆ వచ్చినదానిలో సుమారు నూటికి 24 వంతులు ఈ సాయంకాలపు తరగతుల చలువ. ఎక్కువ మేలు పొందినవారు పేద బిడ్డలు. చదువు పెరిగినదా యని అడుగువారికి ఇదిగో సమాధానము. ఆ వెయ్యి రూపాయలు చాలునని నేననను. ఆ స్త్రీల శ్రమకు అది తగిన వెల కాదు. అయినను అది ఒక ప్రభుత్వము తన ఖాతానుండి ఇచ్చిన సొమ్ము.

మఱి తెలుగునాట ఆ సొమ్ము ఎక్కడిదని అడుగుదురు. మనకు 1960 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయముల చట్టము కలదు. దానిని బట్టి ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. ఇల్లుగల ప్రతి పౌరుడును దానిని చెల్లించుచున్నాడు. వసూలు చేసిన పురపాలక సంఘములు, పంచాయతీలు దానిని జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలమున జమకట్టకపోవుటను గూర్చి పత్రికలలో తఱచు చదువుచున్నాము. గ్రంథాలయములలో వేసవి విజ్ఞాన శిబిరములు జరుగుచున్నవి, సంతోషమే. కాని వానికి నిశ్చితమైన పద్దు లేనిచో ఏయేటి కాయేడు అధికారి ఉత్సాహముపై ఆధారపడవలసివచ్చును. లండనులో 1907కును 1917కును నడుమ జరిగినదే ఇచ్చటను జరుగుచున్నది. ఆ 8 పైసలలో 1 పైసను చట్టముచేతనే బాలల సాయంకాలములకును, వేసవికిని వేఱుపఱచి, ఆ ధనముతో దగ్గఱి ప్రాథమిక పాఠశాల గదిని, గ్రంథాలయపు పుస్తకములను, ప్రతిఫలము పొందు ఒక ఉపాధ్యాయినిని ఒకచోటికి చేర్పవలెనని నా కోరిక. ఇది ట్యూషనుగ మారరాదు. నాలుగు గంటలవఱకు ఎక్కములు వల్లించిన బిడ్డచే ఆఱు గంటలవఱకు మఱల ఎక్కములు వల్లింపజేయుట క్రూరము. కథ, పాట, బొమ్మ, ఆట, స్వేచ్ఛగ ఎన్నుకొన్న పుస్తకము అచ్చట ఉండవలెను.

ఈ కోరికకు ఆధారముగ నేను ప్రస్తుతము మన గ్రంథాలయముల బాలవిభాగముల చరిత్రను వ్రాయుచున్నాను. ఉద్యమ నాయకుల చరిత్రలు వచ్చినవి. పుస్తకము ఇంటికి తీసికొనిపోయిన బాలుని చరిత్ర రాలేదు. అది ఇష్యూ రిజిస్టర్లలో నున్నది. నేను చూచిన ఒక గ్రామ గ్రంథాలయపు రిజిస్టరులో ఏప్రిల్, మే మాసముల పుటలు పిల్లల కొంకర అక్షరములతో క్రిక్కిఱిసి యున్నవి. ఒకే చందమామ సంపుటమును ఒకే వీధివారు వరుసగ తీసికొన్నారు. బడులు తెఱచిన వారమునుండి ఆ అక్షరములు పలుచబడినవి. ఏ యేట బాలల పుస్తకములకు డబ్బు కేటాయింపబడినదో, ఆ యేట ఎందఱు వచ్చిరో ఇట్టి రిజిస్టర్లను జమాఖర్చు పుస్తకములతో జోడించి చూచినచో మన గడ్డమీది సాక్ష్యము మనకే లభించును. అప్పుడు పరదేశపు నివేదికను బల్లపై నుంచువారికి ఎదురుగ మనమును ఒకటి ఉంచగలము. ఈ సభలోని వారిలో పూర్వము గ్రామ గ్రంథాలయములను నడపిన కుటుంబములవారు కలరని ఎఱుగుదును. మీ అటకలపై అట్టి రిజిస్టర్లున్నచో, అవి అట్ట ఊడినవైనను, చెదలు తిన్నవైనను, పాఱవేయవలదు. నాకు పంపనును వలదు. ఒక కార్డు వ్రాయుడు; నేనే వచ్చి మీ యింటనే కూర్చుండి నకలు వ్రాసికొని పోయెదను.