సాలగ్రామ శిల – గర్భంలోని చక్రం
(ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠా మహోత్సవ సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ఆలయ జీర్ణోద్ధరణకు కొందరు ధనం, కొందరు ధాన్యం, మరికొందరు వెండి బంగారాలు సమర్పించుకుంటారు. ఇంకొందరు తాతముత్తాతల నాటి దేవతార్చన పెట్టెను తెచ్చి అర్చకస్వాముల చేతికి అందిస్తారు. సాలగ్రామం ఇంట ఉంటే నిత్యారాధన తప్పరాదు. పిల్లలు దూరదేశాలలో స్థిరపడ్డారు. తమ తరువాత దీపం పెట్టేవారు లేరు. ఇదీ వారి ఆవేదన. ఆ పిల్లలే సెలవులకు వచ్చినప్పుడు, "ఇది ఏదో సముద్రపు ప్రాణి శిలాజమట కదా, దీనికి అభిషేకం ఎందుకు?" అని అడుగుతారు. పెద్దలు నొచ్చుకొని మౌనం వహిస్తారు. ఆ మౌనం అవసరం లేదని విన్నవించుకోవడానికే ఈ నాలుగు మాటలు.

సాలగ్రామ శిలకు పుట్టినిల్లు నేపాల్ దేశంలోని గండకీ నది. ముస్తాంగ్ ప్రాంతంలో, హిమాలయ శిఖరశ్రేణికి ఆవల, కాళీగండకీ అనే పేరుతో ఆ నది నల్లని షేల్ రాతిపొరలను కోసుకుంటూ ప్రవహిస్తుంది. షేల్ అంటే సముద్రగర్భంలోని మెత్తని బురద పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడిన రాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో ఇవే పొరలు విస్తారంగా ఉన్నందున శాస్త్రజ్ఞులు వీటిని స్పితి షేల్ అన్నారు. వీటిలో అత్యధిక భాగం సుమారు 16 కోట్ల నుండి 14 కోట్ల సంవత్సరాల క్రితం ఏర్పడినది. అప్పటికి హిమాలయం పుట్టలేదు. అక్కడ ఒక మహాసముద్రం ఉండేది. దానికి 1893లో ఎడ్వర్డ్ సూస్ అనే భూగర్భశాస్త్రవేత్త టెథిస్ అని పేరు పెట్టాడు.

ఆ సముద్రంలో అమ్మోనైట్లు అనే ప్రాణులు సంచరించేవి. చూపుకు నత్తగుల్ల వలె చుట్టలు చుట్టుకొన్నా అవి నత్తలు కావు. ఆక్టోపస్, స్క్విడ్ జాతులకు బంధువులు. గుల్ల లోపల వరుసగా గదులుండేవి. చివరి పెద్ద గదిలో ప్రాణి నివసించేది. వెనుక గదులు వాయువుతో నిండి, అది నీటిలో తేలేందుకు తోడ్పడేవి. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం ఈ జాతి యావత్తూ అంతరించిపోయింది.

ఇక అసలు విషయానికి వద్దాం. మరణించిన అమ్మోనైట్ ప్రాణవాయువు అంతగా లేని సముద్రపు బురదలోకి దిగిపోయేది. దాని దేహం కుళ్ళే క్రమంలో సూక్ష్మజీవుల చర్య వలన చుట్టూ ఉన్న బురదలో రసాయనిక మార్పులు కలిగేవి. నీటిలో కరిగి ఉన్న ఖనిజ లవణాలు ఆ గుల్ల చుట్టూ పేరుకొని, బురద రేణువులను బంధించి, ఒక గట్టి ఉండను కట్టేవి. దీనినే శాస్త్రజ్ఞులు నాడ్యూల్ అంటారు. తరువాత కోట్ల సంవత్సరాల పాటు పైన పడిన బరువుకు చుట్టూ ఉన్న బురద అణగి పలుచని పొరలైపోయింది. ముందే గట్టిపడిన ఉండ మాత్రం అణగలేదు. తన గర్భంలోని గుల్ల ఆకృతిని కాపాడింది. నశించే దేహమే తన చుట్టూ నశించని భరిణను కట్టుకొన్నదన్నమాట. మన ఏలూరు జిల్లా రాఘవాపురం షేల్ రాళ్ళలోనూ అమ్మోనైట్ శిలాజాలు లభించాయి. సముద్రం ఒకప్పుడు మన గుమ్మం దాకా వచ్చి వెళ్ళిందనడానికి అవి సాక్ష్యం.

భారత భూఖండం ఉత్తరంగా కదిలి, సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఆసియాను ఢీకొన్నది. టెథిస్ సముద్రం మూసుకుపోయింది. దాని అడుగుభాగం ఆకాశానికి లేచింది. నేడు ముక్తినాథ క్షేత్రం సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఏటేటా మంచు, వాన, వరద ఆ మెత్తని షేల్‌ను కోసివేస్తాయి. గట్టి ఉండలు విడివడి నదిలోకి దొర్లుతాయి. కాగ్‌బేనీ, జోమ్‌సోమ్ పరిసరాలలోని ఇసుకతిన్నెల మీద, గులకరాళ్ళ నడుమ నల్లగా, నున్నగా అవి దొరుకుతాయి.

వెదికేవారి కన్నులు ముందుగా గుండ్రదనాన్ని, నలుపును, అంచున తొంగిచూసే సన్నని గాడులను పట్టుకుంటాయి. ప్రతి ఉండలోనూ గుల్ల ఉండదు; అనేకం లోపల ఉత్త రాయే. ఉన్నచోట గుల్ల ఉపరితలమే రాతికి బలహీనమైన తలం. అందువలన ఉండను అంచు మీద నిలిపి, నడుము వెంబడి సుత్తితో కొద్దికొద్దిగా తట్టితే, తరచుగా ఆ తలం వెంబడే రెండు చిప్పలుగా విడిపోతుంది. ఒక చిప్పలో ఉబ్బెత్తుగా చక్రం, రెండవ చిప్పలో దాని అచ్చు లోతుగా కనిపిస్తాయి. కోట్ల ఏండ్ల చీకటి తరువాత ఆ రేఖల మీద వెలుగు పడడం అదే మొదటిసారి. 1903, 1910 సంవత్సరాల మధ్య స్పితి షేల్ అమ్మోనైట్లను వర్ణిస్తూ విక్టర్ ఊలిగ్ రచించిన సంపుటాలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ప్రచురించింది. అటువంటి శాస్త్రం సాధ్యమైనది ఇలా విడివడిన రాళ్ళ వలననే.

సుత్తి చేసే పనిని నది కూడా చేస్తుంది. రాతికి రాయి తగిలి, పగుళ్ళలో నీరు గడ్డకట్టి, ఉండ ఒక పక్క పెచ్చు లేచి ద్వారం తెరుచుకుంటుంది. మన పెద్దలు దానిని వదనమన్నారు. ఆ వదనంలో కనిపించే గాడుల వలయాలు చక్రాలు. లోపల మెరిసే పసుపు రేఖలను సువర్ణ చిహ్నాలన్నారు. ఆ మెరుపులలో చాలావాటికి కారణం పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజం. వదనం ఎటువంటిది, చక్రాలెన్ని, వర్ణమేది అని పరిశీలించి లక్ష్మీనారాయణ, నరసింహ, దామోదర, సుదర్శనాది భేదాలను నిర్ణయించారు. భూతద్దం లేని కాలంలో ఒక రాతిని ఇంత శ్రద్ధగా చూసిన జాతి మనది.

బృంద శాపం వలన శ్రీమహావిష్ణువు శిలారూపం ధరించాడని, వజ్రకీటమనే పురుగు ఆ శిలను తొలిచి చక్రాలను చెక్కిందని పురాణగాథ. శాస్త్రం చెప్పేది వేరు: ప్రాణి బయటి నుండి రాతిని తొలవలేదు, ప్రాణి చుట్టూ రాయి పెరిగింది. ఈ తేడాను దాచవలసిన పని లేదు. అయితే ఈ రేఖలు ఉలి చెక్కినవి కావని, వాటి వెనుక ఒక ప్రాణి ఉన్నదని మన పెద్దలు ఏనాడో భావించారన్నది గమనించదగిన విషయం. ఇంగ్లాండులోని విట్‌బీ తీరవాసులు ఇటువంటి రాతిఉండలలోని అమ్మోనైట్లనే చూసి, సెయింట్ హిల్డా పాములను రాళ్ళుగా మార్చిందని చెప్పుకొన్నారు. అక్కడ పాముగా తోచినదే ఇక్కడ సుదర్శనంగా దర్శనమిచ్చింది. రాయి ఒకటే, చూచిన హృదయం వేరు.

శిల్పి చెక్కిన మూర్తికి ప్రాణప్రతిష్ఠ కావాలి. ఈ మహోత్సవం అందుకోసమే. సాలగ్రామానికి మాత్రం ఆవాహన, ప్రతిష్ఠలతో పనిలేదని సంప్రదాయం, అది స్వయంవ్యక్తం. కనుక పిల్లలడిగే ప్రశ్నకు సమాధానం ఇదీ: "అవును నాయనా, ఇది శిలాజమే. నీవు చదువుకున్నది నిజమే. ఒక చిన్న ప్రాణి రూపాన్ని సముద్రం, పర్వతం, నది కలిసి ఇన్ని కోట్ల ఏండ్లు చెరగనీయకుండా మన ముంగిటికి తెచ్చాయి. చెరగని దానిలో దేవుణ్ణి చూడడం మనవారి భావన."

దాతలకు ఒక్క మనవి. గిరాకీ పెరిగినకొద్దీ కపటమూ పెరుగుతుంది. యంత్రంతో రంధ్రం తొలిచినవి, విరిగిన చిప్పలను జిగురుతో అతికించినవి, మూసపోసి నల్లరంగు పూసినవి సాలగ్రామాల పేర చెలామణి అవుతున్నాయి. చక్రం కోసం ఉండల మీద ఉండలు పగలగొట్టి, ఏమీ లేనివాటిని పారవేయడమూ జరుగుతుంది. ఆలయానికి సమర్పించడానికి కొత్తగా కొనవలసిన అవసరం లేదు. మీ ఇంటి పెట్టెలో ఉన్నదే తీసుకురండి. పగిలినదని సందేహించి ఏటిలో విడవకండి. చక్రచిహ్నం గల సాలగ్రామం విరిగినా పూజార్హమే అని పెద్దల మాట. సమర్పించే ముందు దానిని మీ మనుమల అరచేతిలో పెట్టండి. బరువు చూడనివ్వండి, గాడులను వేలితో తడమనివ్వండి, వదనంలోకి తొంగిచూడనివ్వండి. అది ఎవరి కాలం నుండి మీ ఇంట ఉన్నదో, ఎవరు తెచ్చారో ఒక కాగితం మీద వ్రాసి జతపరచండి. చేతిలో పట్టుకొని చూచిన బిడ్డ రేపు ఏ దేశంలో ఉన్నా, ఈ గర్భాలయంలో జరిగే అభిషేకంలో తన ఇంటి శిల కూడా తడుస్తున్నదని తలచుకుంటాడు.

స్వస్తి.