తప్పు తరువాతనే నియమం
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మలేషియాలో నేను మూడవ తరం వాణ్ణి. నా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నది. తప్పులుంటే మన్నించండి.

వెసాక్ పండుగకు బ్రిక్‌ఫీల్డ్స్ సింహళ విహారంలో భిక్షువులను మీరంతా చూసే ఉంటారు. థేరవాదంలో భిక్షువుకు 227 నియమాలు. ఇవన్నీ ఎవరో ముందుగా కూర్చుని రాసినవి కావు. ఒక్కొక్క నియమానికి ముందు ఒక సంఘటన ఉన్నదని వినయపిటకం చెబుతుంది.

వైశాలి దగ్గర గ్రామంలో పుట్టిన సుదిన్నుడు ఇల్లు విడిచి భిక్షువైనాడు. వంశం నిలపమని తల్లి బతిమాలగా, పూర్వపు భార్యతో కలిశాడు. అప్పటికింకా నిషేధం లేదు. అయినా పశ్చాత్తాపంతో చిక్కిపోయాడు. బుద్ధుడు అతణ్ణి గట్టిగా మందలించి, ఇకమీదట అలా చేసినవాడు భిక్షువు కాడని శాసించాడు. నాలుగు పారాజికలలో ఇదే మొదటిది. తక్కినవి దొంగతనం, నరహత్య, లేని మహిమలు ఉన్నాయని చెప్పుకోవడం. అయితే మొదట తప్పు చేసినవాడికి ఆ నియమం కింద దోషం అంటదు.

ఇంకొక సంగతి. పూర్తి దీక్ష లేనివారితో భిక్షువులు ఒకచోట పడుకోరాదని నియమం వచ్చింది. దానికి జంకి, కౌశాంబిలో బుద్ధుని కన్నకొడుకు రాహులుడికి ఎవరూ చోటివ్వలేదు. ఆ పిల్లవాడు మరుగుదొడ్డిలో పడుకున్నాడు. తెల్లవారుజామున అది తెలుసుకుని బుద్ధుడు నియమాన్నే సడలించాడు: రెండు మూడు రాత్రులు కలిసి ఉండవచ్చునన్నాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రవాణ్ణి బెత్తంతో కొట్టాను. చెల్లెలికి అన్నం డబ్బా ఇచ్చి, గంట కొట్టాక తరగతికి వచ్చాడు. అలా వెళ్ళరాదని నేను ముందెన్నడూ చెప్పలేదు. కొట్టిన తరువాతనే నల్లబల్లమీద నియమం రాశాను. చాలా ఏళ్ళకు సుదిన్నుని కథ చదివినప్పుడు ఆ పిల్లవాడి అరచెయ్యి కళ్ళ ముందు కదిలింది. ఇప్పుడు క్షమాపణ చెబుదామంటే అతను ఎక్కడున్నాడో తెలియదు.

మన ఇళ్ళలోనూ "వద్దు" అనే మాటలు చాలా ఉన్నాయి. ఎందుకని పిల్లలడిగితే "మన పద్ధతి అంతే" అంటాము. కారణం చెబుదాము. కారణం లేనిదాన్ని సడలిద్దాము.

వర్షావాసం ముగిసే నాడు భిక్షువులు పవారణ జరుపుతారు. దీక్షలో పెద్దవాడు మొదలుకొని ప్రతివాడూ సంఘానికి చేతులు జోడించి, నాలో తప్పు చూసినా, విన్నా, అనుమానించినా చెప్పండని అడుగుతాడు. పెద్దవాడే ముందు అడగడం గమనించండి. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మన పిల్లలను ఆ మాట ఒక్కసారి అడిగి చూద్దాము.

నా తెలుగులో తప్పులు కూడా దయచేసి చెప్పండి. సెలవు.