ఏ గంట పాలు?

 

పోషకాహార శాస్త్రంలో, జీవరసాయన శాస్త్రంలో పట్టాలు అందుకోబోతున్న మీలాంటి వాళ్లకు ఇలాంటి వేదిక మీద జీవితం గురించి పెద్ద మాటలు చెప్పాలంటారు. నాకు తెలిసింది ల్యాబు పని. అందుకని తల్లిపాలలో అయోడిన్ కొలవడం గురించి మాట్లాడతాను.

బిడ్డ మెదడు ఎదగడానికి థైరాయిడ్ హార్మోన్ కావాలి, ఆ హార్మోన్ తయారవడానికి అయోడిన్ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పసిబిడ్డకు రోజుకు 90 మైక్రోగ్రాములు, పాలిచ్చే తల్లికి 250. తల్లిపాలు తప్ప మరేమీ తాగని బిడ్డకు అది ఇంకోచోట నుంచి రాదు. రక్తంలోంచి అయోడిన్‌ను థైరాయిడ్ గ్రంథిలోకి లాగే రవాణా ప్రోటీనే, పాలిచ్చే రోజుల్లో రొమ్ములోనూ పని మొదలుపెడుతుంది. తల్లికి అందేది తగ్గితే మూత్రంలో పోయే వాటా తగ్గి, పాలలోకి వెళ్లే వాటా పెరుగుతుంది. బాలింత సంగతి ఒక్క మూత్రపరీక్షతో తేల్చకూడదనేది ఇందుకే.

కొలిచే పాత దారి 1937 నాటి శాండెల్-కోల్తాఫ్ చర్య. పసుపుపచ్చని సీరియం ద్రావణంలో ఆర్సెనిక్ ద్రావణం కలిపితే రంగు మెల్లగా పోతుంది, అయోడిన్ ఉంటే గబగబా పోతుంది. ఆ వేగాన్ని బట్టే లెక్క. పాల దగ్గరకొచ్చేసరికి కొవ్వు, ప్రోటీన్లు అడ్డుపడతాయి, ముందు వాటిని విరగ్గొట్టాలి. ఇప్పుడు పెద్ద ల్యాబుల్లో మూలకాలను కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం ఉంది. అయితే లోహాలకు చేసినట్టే పాలను నైట్రిక్ ఆమ్లంలో వేశారా, అయోడిన్ కొంత ఆవిరైపోతుంది, కొంత గొట్టాల గోడలను పట్టుకుంటుంది. ఒక తల్లిది తర్వాతి తల్లి లెక్కలో పడుతుంది! అందుకే క్షారంలో వేడిచేస్తాం. నమూనాకూ నమూనాకూ మధ్య ఉత్త ద్రావణం పంపి, అంకె కిందికి దిగేదాకా కాచుకుంటాం. విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి.

ఇంతకంటే పెద్ద తప్పు ల్యాబు గడప తొక్కకముందే జరిగిపోవచ్చు. నర్సమ్మ శుభ్రత కోసం రొమ్మును పోవిడోన్-అయోడిన్‌తో తుడిచిందనుకోండి. 10 శాతం ద్రావణం ఒక్క చుక్కలో దాదాపు 500 మైక్రోగ్రాముల అయోడిన్ ఉంటుంది. మనం పట్టే 5 మిల్లీలీటర్ల పాలలో సాధారణంగా ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు. ఆ చుక్కలో వెయ్యోవంతు సీసాలో పడినా ఫలితం తారుమారే. కాన్పు కుట్లకు అదే మందు రాసినా, చర్మం గుండా ఒంట్లోకి చేరి పాలలో అయోడిన్‌ను పెంచుతుంది.

సరే, అన్నీ సవ్యంగా జరిగి అంకె వచ్చింది. అది దేన్ని చెబుతోంది? ఆ గంట పాలను. తల్లి పొద్దున తిన్నది మధ్యాహ్నం పాలలో కనబడుతుంది. పొగతాగే తల్లుల పాలలో అయోడిన్ బాగా తక్కువని డెన్మార్క్ పరిశోధకులు చూపించారు, పొగ వల్ల ఒంట్లో పెరిగే థయోసయనేట్ పాలలోకి అయోడిన్ వెళ్లే దారికి అడ్డం పడుతుంది. కొరియాలో బాలింతలకు సముద్రపు నాచు సూపు పెడతారు, అక్కడ అంకెలు ఆకాశాన్నంటుతాయి. చాలామంది తల్లుల మధ్యగతం ఒక ఊరి గురించి చెప్పగలదు. ఒక సీసా ఒక తల్లి గురించి చెప్పేది చాలా తక్కువ.

అయినా రిపోర్టులో 'తక్కువ' అని అచ్చయితే ఇంట్లో ఏమవుతుందో మీకు తెలుసు. 'పాలు చాలట్లేదేమో' అని పక్కింటి పిన్నిగారు అన్నందుకే డబ్బాపాలు కొనే ఇళ్లు మనవి. ఆ అంకె చేతికిచ్చే ముందు ఏ ఉప్పు వాడుతున్నారో అడగండి. ఇంటికి చేరేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలని మన నిబంధన. అయోడిన్ కలపని కల్లుప్పులో, ఫ్యాషన్‌గా కొనే గులాబి ఉప్పులో అది దాదాపు ఉండదు. ఉప్పులోని అయోడిన్ పోయేలా డబ్బా మూతలేకుండా పొయ్యి పక్కనే ఉందేమో కూడా చూడండి. అలాగని అయోడిన్ మాత్రలు చేతినిండా మింగమని చెప్పొద్దు, ఎక్కువైనా బిడ్డ థైరాయిడ్ మొరాయిస్తుంది.

మీరు తయారుచేసే రిపోర్టులో అంకె పక్కన నాలుగు గళ్లు పెట్టండి: పాలు తీసిన సమయం, రొమ్మును తుడిచిన మందు, ఇంట్లో ఉప్పు, ఆ ఇంట్లో పొగతాగే అలవాటు. ఆ గళ్లు ఖాళీగా ఉన్న కాగితం మీద నేనైతే సంతకం పెట్టను.